మడతకు కుదిరిన పాట

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో అందరూ అక్క అని పిలిచే మనిషికి, వైరల్ అంటే ఒక రకం జ్వరమని మాత్రమే తెలుసు. పాటలకి కూడా వస్తుందని తెలియదు. తెలిసేసరికి ఆ జ్వరం వాళ్ళింట్లోంచే బయల్దేరి ఊళ్ళన్నీ అంటుకుంది.

పాట కట్టింది ఆమె మొగుడు. ఆయన ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. మాట్లాడితే పక్కవాడికి కూడా వినపడనంత నెమ్మదస్తుడు. పాడితే మాత్రం పక్కవీధివాళ్ళకి కూడా దాక్కునే చోటుండదు. పెళ్ళిరోజుకి భార్యకి ఏదైనా కొత్తగా ఇద్దామని, ఇంట్లో ఫ్రిజ్జు తలుపు బార్లా తీసి, స్క్రూడ్రైవరు మైకులా పట్టుకుని, తల లోపలికి దూర్చి పాడాడు. కూతురు ఫోనులో తీసింది. వీడియోలో మొహం కనపడదు. ఒక చెయ్యి, ఒక స్క్రూడ్రైవరు, గాజు అర మీద సగం కోసిన టమాటా. మిగతాదంతా గొంతే.

నీ కళ్ళు ఫ్రిజ్జులో బల్బు
తలుపు తీస్తేనే... వెలుగు
నా గుండె పాత కంప్రెసరు
నిన్ను చూస్తేనే... అదురు

ఇది పల్లవి. చరణంలో, కూరగాయల అరలో తనని కొత్తిమీర కట్టలా దాచుకోమని వేడుకుంటాడు. విన్నవాళ్ళకి తామే ఎక్కడైనా దాక్కుంటే బాగుండుననిపిస్తుంది.

చుక్కలు పెట్టినచోట ఆయన ఆగుతాడు. అది ఆగవలసిన చోటు కాదు. పాడుతుండగా కింద అరలో నీరు చేరినట్టు కనిపించి, చేతికలవాటైన పని కదా, వంగి చూసి, లేచి, మిగతా మాట అందుకున్నాడు. రెండోసారి నీరు ఇంకా అక్కడే ఉందా అని మళ్ళీ వంగాడు. ప్రేమలో పడ్డా పనిలో పడ్డా ఒకే మనిషి మరి.

కూతురు ముచ్చటపడి దాన్ని బంధువుల గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో అక్కకి ఒక తోడికోడలుంది. తోడికోడలన్నాక తోడకుండా ఎలా ఉంటుంది, నిండా తోడి బయట పోసింది. అక్కణ్ణించి కాలవలు కట్టింది, వరదైంది.

జనం ఊరుకుంటారా. "గాయకుడంటే గాయం చేసేవాడని ఇవాళే తెలిసింది" అన్నారొకరు. "చరణం విన్నాను, శరణం అన్నాను" అన్నారు ఇంకొకరు. సంగీతం తెలిసిన పెద్దాయనెవరో ఇది ఏ రాగమండీ అని మర్యాదగా అడిగితే, "రాగం కాదు సార్, రోగం, అందులోనూ అంటురోగం" అని జవాబు వచ్చింది. "పాట వినగానే మా ఫ్రిజ్జు తనే తలుపేసుకుంది, ఇప్పుడు పాలెలా తీసుకోను" అని ఒక ఇల్లాలు వాపోయింది. పాడినవాడి పేరు తెలియదు గనక అభిమానులే ఒకటి పెట్టుకున్నారు, శీతలానంద అని. ఆ పేరుతో ఒక సంఘం కూడా వెలిసింది. బాధితులకు మాత్రమే ప్రవేశం. ఆ బాధితులు పొద్దున్నే లేచి పాట పెట్టుకుని తిట్టుకునేవాళ్ళు, తిట్టింది సరిపోలేదేమోనని సాయంత్రం మళ్ళీ పెట్టుకునేవాళ్ళు.

మెకానిక్‌కి మొదట్లో ఇవేవీ తెలియవు. ఎన్ని లక్షలమంది విన్నారో కూతురు చెప్పినప్పుడల్లా సిగ్గుపడి, చొక్కా కాలరు సర్దుకునేవాడు. ఒకరోజు ఎవరింట్లోనో ఫ్రిజ్జు వెనక కూర్చుని గ్యాసు నింపుతుంటే, ఇంటాయన ఫోను పట్టుకొచ్చాడు. "మీవాళ్ళలోనే ఎవడోనండీ, వినండి, కడుపు చెక్కలైపోతుంది" అని వినిపించాడు. ఆయనా, భార్యా, పిల్లలూ సోఫాలో ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కింద ఎవరేమన్నారో కూడా చదివి వినిపించారు. మెకానిక్ గ్యాసు నింపాడు. గొట్టానికి సబ్బునురగ పూసి లీకు లేదని చూసుకున్నాడు. సంచీ సర్దుకుని ఇంటికొచ్చేశాడు. ఆ సాయంత్రం కూతురి ఫోను అడిగి తీసుకుని, మిగతావన్నీ తనే చదువుకున్నాడు.

ఆనాటినుంచి పాట లేదు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పాట లేని పూట లేదు. గిన్నెలు తోముతూ పాడేవాడు, గడ్డం గీసుకుంటూ పాడేవాడు, కరెంటు పోతే చీకట్లో విషాదంగా పాడేవాడు. అబ్బ, కాస్త ఆపండీ అని అక్క రోజూ విసుక్కునేది. ఇప్పుడు నిజంగానే ఆపేశాడు. గిన్నె గిన్నెకి తగలకుండా తోముతున్నాడు. ఏమైందండీ అంటే గొంతు బాలేదంటాడు. ఎప్పుడు బాగుంది గనక అని నోటిదాకా వచ్చి, ఆయన మొహం చూసి మింగేసింది. మనిషి పాడకపోతే ఇల్లు ఇంతగా పాడుపడుతుందని ఆమె అనుకోలేదు.

ఆమెకి కావలసింది ఒక్కటే, ఆయన మళ్ళీ పాడాలి. బాగా పాడనక్కర్లేదు. ఎప్పటిలా దారుణంగా పాడితే చాలు. అదెలా జరుగుతుందో మాత్రం తోచడం లేదు. మీ పాటంటే అందరికీ ఇష్టమండీ అంటే నమ్మడు, ఆ ఇష్టమంతా ఫోనులో కళ్ళారా చదువుకున్నాడు.

దీనికి తోడు ఆమెకి ఇంకో చిక్కుంది. ఆ పాట లాండ్రీలో పొద్దస్తమానం మోగుతుంది.

అక్క పనిచేసేది మడతల హాల్లో. పొడుగాటి గది. ఒక గోడకి బట్టలు ఆరబెట్టే యంత్రాలు పెద్ద కళ్ళేసుకుని తిరుగుతుంటాయి, ఇంకో గోడకి ఇస్త్రీ రోలరు, మధ్యలో బల్లలు. గాలి కూడా అక్కడ వేడివేడిగా, ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. రోలరు దగ్గర ఉండే పెద్దాయన్ని గంట బాబాయ్ అంటారు. ఆ యంత్రం హోరులో జీవితమంతా గట్టిగా మాట్లాడీ మాట్లాడీ, ఆయన గుసగుసలాడినా బడి వదిలేసిన గంట కొట్టినట్టే ఉంటుంది. మడతల బల్ల దగ్గర కొత్తకోడలుంది. పనిలో చేరిననాడు పెళ్ళి కొత్త కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు ఆమె కొడుకు బడికి వెళ్తున్నాడు, పేరు మాత్రం పాతబడలేదు.

పాటని హాల్లోకి తెచ్చింది ఈ కొత్తకోడలే. అందరూ కలిసి నవ్వుకుందామని తెచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒక వింత జరిగింది.

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలూ పట్టుకుని ఒకసారి విదిలించాలి. ఎదురెదురుగా నడవాలి. ఒకరి కొసలు రెండోవారి చేతికిచ్చి, ఇచ్చినవాళ్ళు వంగి, కింద వేలాడే అంచు అందుకుని లేవాలి. మామూలు పాటలు తాళం పట్టుకుని పరుగెత్తుతాయే గాని, వంగినవాళ్ళ కోసం ఆగవు. ఈ పాట ఆగుతుంది. "తలుపు తీస్తేనే" అన్నప్పుడు కొసలు చేతులు మారతాయి. ఆయన ఫ్రిజ్జులోకి వంగినప్పుడు వీళ్ళు అంచు కోసం వంగుతారు. ఆయన లేచి "వెలుగు" అనేసరికి దుప్పటి సగమై ఉంటుంది. "అదురు"కి పావు అవుతుంది. ఇది ఎవరూ కూర్చుని కనిపెట్టింది కాదు, చేతులు వాటంతటవే నేర్చేసుకున్నాయి. ఇప్పుడు ఆ హాల్లో ఆ పాట లేకుండా దుప్పటి మడత పడదు, ఆ పాటని తిట్టకుండా పూట గడవదు.

"ఈ శీతలానంద పెళ్ళామెవరో గానక్కా, మహాతల్లి," అనేది కొత్తకోడలు. "ఎలా వేగుతోందో పాపం."

"చెవులు రెండూ తీసి డీప్ ఫ్రీజులో పెట్టుకుంటుందేమోలే," అనేవాడు బాబాయ్.

"నవ్వింది చాలు, మడతలు చూడండి," అని అక్క మొహం దుప్పటి చాటు చేసుకునేది. ఆ మహాతల్లి ఆమేనని అక్కడెవరికీ తెలియదు. మీ ఆయనేం చేస్తారక్కా అంటే కరెంటు పని అని చెప్పేది. అబద్ధమేం కాదు, ఫ్రిజ్జు కరెంటుతోనే కదా నడిచేది.

అలా నడుస్తుండగా, హాల్లో మంచినీళ్ళ కూలరు చెడిపోయింది. నొక్కితే వేణ్ణీళ్ళు వస్తున్నాయి. ఈ ఉక్కలో వేణ్ణీళ్ళు తాగడం కంటే రోలరు కింద పడుకోవడం నయమని బాబాయ్ గంట కొట్టాడు. మేనేజరు ఎవరికో ఫోను చేశాడు. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, "మెకానిక్ వచ్చాడమ్మా, చూపించండి," అన్నాడు.

అక్క తలుపు అద్దంలోంచి చూసింది. ముందు సంచీ కనపడింది. ఆ సంచీ జిప్పు తనే కుట్టింది. ఒక్క ఉరుకున వెళ్ళి బల్ల మీద ఫోను నొక్కి పాట ఆపేసింది.

"ఏంటక్కా, కొత్తిమీర దగ్గర ఆపేశావు?"

"తలనొప్పిగా ఉంది. ఈ పూట ఆ పాట ఎవరూ పెట్టొద్దు. కూనిరాగం కూడా వద్దు."

మెకానిక్ లోపలికొచ్చాడు. భార్యని చూసి పలకరింపుగా నోరు తెరవబోయాడు. ఆమెకి కంగారు పుట్టింది. ఈయన మా ఆయన అంటే ఫ్రిజ్జులాయనా అంటారు, ఫ్రిజ్జులాయన అంటే శీతలానంద దాకా ఎంతసేపు, ఆయన ముందే ఇన్నాళ్ళ నవ్వులన్నీ బయటపడతాయి. ఆ కంగారులో నోటికొచ్చింది అనేసింది.

"మెకానిక్ గారూ, కూలరు ఆ మూలనుందండీ."

ఆయన తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. ఆమెని ఒకసారి చూశాడు, హాలునిండా ఉన్న జనాన్ని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు.

"సరేనండీ," అన్నాడు. పెళ్ళాన్ని అండీ అనడం ఆయనకదే మొదలు. సంచీ పట్టుకుని మూలకి నడిచి, కూలరు వెనక కూర్చున్నాడు.

ఆ నడక చూసి అక్కకి అర్థమైంది. తను ఆయన్ని నవ్వులనుంచి దాచుదామనుకుంది. ఆయనకి మాత్రం, తన పెళ్ళానికే తను నామోషీ అయ్యాడని తగిలింది. వెళ్ళి చెప్పాలంటే చుట్టూ జనం. చెప్పకపోతే, ఇంక ఆయన ఈ జన్మలో పాడడు.

ఇటు పని నడవడం లేదు. మధ్యాహ్నానికల్లా హోటళ్ళ వ్యాను వస్తుంది, దుప్పట్లు కొండలా ఉన్నాయి, పాట లేదు. కొత్తకోడలు వంగేలోపే ఎదుటి మనిషి వెనక్కి నడిచేసింది, అంచు అందక దుప్పటి నేల తుడిచింది. తర్వాతి దుప్పటి ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. బాబాయ్ దాన్ని రోలరు దగ్గర పైకెత్తి చూపించాడు.

"అమ్మాయ్, ఇది దుప్పటా, పతంగా? నీ తలనొప్పి మా అందరికీ నడుంనొప్పి అయ్యేట్టుంది."

"పని చూడు బాబాయ్."

చూశారు. చూస్తూ చూస్తూ ఉండగానే ఎవరో ముక్కుతో అందుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో చెప్పడం కష్టం, అది నోరు మొదలుపెట్టిన పాట కాదు, చేతులు మొదలుపెట్టింది. ఒక బల్ల దగ్గర "బల్బు" అని మూలిగారు, ఇంకో బల్ల దగ్గర "తీస్తేనే" అని సాగదీశారు, అందరూ కలిసి వంగారు, అందరూ కలిసి లేచి "వెలుగు" అన్నారు. దుప్పట్లు చక్కగా సగమయ్యాయి. అక్క ఆపమని చెయ్యి ఎత్తింది. ఆ చేతిలో దుప్పటి కొస ఉండడంతో, తాళం వేస్తోందనుకుని అందరూ ఇంకాస్త హుషారుగా పాడారు. "అదురు" దగ్గర బాబాయ్ గంట కూడా కలిసింది. కిటికీ అద్దాలు ఆ మాటని నిజం చేశాయి.

కూలరు వెనక పానా చప్పుడు ఆగిపోయింది.

మెకానిక్ లేచి ఇవతలకి వచ్చాడు. చేతులు తుడుచుకునే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. వంగుతున్నవాళ్ళనీ, లేస్తున్నవాళ్ళనీ చూస్తున్నాడు.

"మెకానిక్ గారూ, మీరూ వినే ఉంటారే ఈ కళాఖండం," అన్నాడు బాబాయ్. "మీ ఫ్రిజ్జులవాళ్ళ పరువంతా ఐసుగడ్డలా కరిగించేశాడు కదండీ మహానుభావుడు."

హాలంతా నవ్వింది. అక్క ఒక్కతే నవ్వలేదు.

"విన్నానండీ," అన్నాడు మెకానిక్. "చాలా దరిద్రంగా ఉంది."

"అదే కదా మా గొడవ."

"శ్రుతి లేదు, తాళం లేదు. కళ్ళు బల్బులేమిటి, గుండె కంప్రెసరేమిటి. పాడేవాడికి సిగ్గుండాలి. ఇలాంటివి మళ్ళీ ఎవరికీ వినపడకుండా తుడిచిపారెయ్యాలి."

నెమ్మదిగానే అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. ఫోనులో చదివినవన్నీ ఒక్కటీ పొల్లు పోకుండా బట్టీ పట్టాడని అక్కకి తెలిసిపోయింది. చేతిలో దుప్పటి బరువెక్కింది.

హాల్లో నవ్వు తగ్గింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాబాయ్ రోలరు వదిలేసి ముందుకొచ్చాడు.

"ఆగండాగండి. అంత మాటెందుకండీ?"

"మీరే కదండీ ఇప్పుడు అన్నారు."

"మేమంటాం. తెల్లారి లేస్తే మాకదే పని. రోజంతా వింటాం కాబట్టి రోజంతా అంటాం. మధ్యలో వచ్చి తుడిచిపారెయ్యమనడానికి మీరెవరండీ?"

"మాటలకి మాత్రం ఏమైందట?" కొత్తకోడలు అందుకుంది. "మా ఆయన నన్ను ఇంతవరకూ దేనితోనూ పోల్చిన పాపాన పోలేదు. బల్బుదాకా ఎందుకు, కనీసం టార్చిలైటుతో పోల్చినా సంతోషించేదాన్ని. ఆ మహాతల్లి మీద మేం జాలిపడతాం గాని, లోపల్లోపల కుళ్ళుకుంటాం కూడాను."

మెకానిక్ తబ్బిబ్బయ్యాడు. తన పాటని తను తిడితే ఎవరైనా పోట్లాటకొస్తారని ఆయన ఊహించలేదు.

"కాని తాళం తప్పాడమ్మా," అన్నాడు బతిమాలుతున్నట్టు. "తీస్తేనే తర్వాత ఆగకూడదు. అక్కడ అంతా ఖాళీ. అది తప్పు."

"తప్పా?" అన్నాడు బాబాయ్. "అక్కడ ఆగకపోతే ఈ పిల్ల నడుం వంచేదెప్పుడు? ఏదీ, మీరు ఆగకుండా పాడండి చూద్దాం. అమ్మాయిలూ, పట్టండి దుప్పటి."

మెకానిక్ ఇరకాటంలో పడ్డాడు. కాని తప్పు తప్పేనని నిరూపించాలన్న పట్టుదల కూడా పుట్టింది. గొంతు సవరించుకున్నాడు. జనం ఎత్తిచూపిన తప్పులన్నీ దిద్దుకుని, గొంతు సగానికి తగ్గించుకుని, బల్ల మీద వేలితో తాళం కొట్టుకుంటూ, ఎక్కడా ఆగకుండా, అదరకుండా పాడాడు. పాట వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా తిన్నగా, నోరు మూసుకుని నడిచింది. కొత్తకోడలు వంగబోయేసరికి "వెలుగు" వచ్చేసింది. లేవబోయేసరికి "అదురు" తోసుకొచ్చింది. అదురు కాస్తా నుదురు మీదికొచ్చి, ఆమె తలా ఎదుటి మనిషి తలా ఠంగుమన్నాయి. దుప్పటి ఇద్దరి మీదా గుడారంలా పడింది.

"మిమ్మల్ని పాడమంటే పాడుచేశారేంటండీ," అంది కొత్తకోడలు దుప్పట్లోంచి.

"చూశారా," అన్నాడు బాబాయ్. "బంగారం లాంటి చెత్త పాట. బాగుచేసి పెట్టారు, ఇంక దేనికీ పనికిరాదు. మా పాట జోలికి రాకండి, మీ కూలరు మీరు చూసుకోండి."

"మీ పాటా?" అన్నాడు మెకానిక్.

ఆ రెండు మాటలూ చాలా చిన్నగా వచ్చాయి. వాటిలో ఉన్నది హాల్లో ఒక్క మనిషికే వినపడింది. అక్క బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. కొత్తకోడలి మీదనుంచి దుప్పటి లాగి, రెండు కొసలు తను పట్టుకుంది.

"ఏమండీ," అంది.

ఏమండీ అని ఎవరు ఎవర్నైనా పిలవచ్చు. బస్సులో కండక్టర్ని పిలవచ్చు, కొట్టువాణ్ణి పిలవచ్చు. కాని పెళ్ళాం పిలిచే ఏమండీకి వేరే స్వరం ఉంది. అందులో కాపురం మొత్తం ఉంటుంది. పెళ్ళయినవాళ్ళెవరూ దాన్ని పొరబడరు. హాల్లో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

"ఏమండీ, ఇంట్లో పాడినట్టు పాడండి. నాకు పాడినట్టు."

మెకానిక్ చుట్టూ చూశాడు. "ఇంతమంది ముందరా?" అన్నాడు.

"ఇంతమంది ముందరే. ఇందాక మిమ్మల్ని మెకానిక్ గారూ అన్నాను, బుద్ధి లేక. ఈయన మా ఆయన. పాట నా మీద కట్టారు. ఇంక పాడండి, వ్యాను వచ్చేస్తుంది."

మెకానిక్ చేతిలో గుడ్డ జేబులో కుక్కి, స్క్రూడ్రైవరు తీశాడు. అది చేతిలో లేకపోతే ఆయనకి పాట రాదు. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

మొదటి మాటకే గోడల మీది దుమ్ము లేచింది. శ్రుతి ఒక వీధిలో, గొంతు ఇంకో వీధిలో, రెండూ ఎక్కడా కలుసుకోకుండా బయల్దేరాయి. "తలుపు తీస్తేనే" అని, కళ్ళ ముందు ఫ్రిజ్జు ఉన్నట్టే నిజంగా వంగాడు. అక్క వంగింది. అవతల కొసలు పట్టుకున్న బాబాయ్, నడుం పట్టేసిందని రోజూ గోలపెట్టే మనిషి, ఆయనా వంగాడు. "వెలుగు." ముగ్గురూ లేచారు. రెండో బల్ల దగ్గర కదలిక వచ్చింది, మూడో బల్ల దగ్గర కూడా. "అదురు" దగ్గరికి వచ్చేసరికి హాలంతా వంగుతోంది, లేస్తోంది, మడుస్తోంది. ఎవరూ చూసుకోని రోలరు ఒకే దిండు గలీబుని పదేపదే ఇస్త్రీ చేసి అప్పడం చేసింది.

పాట అయిపోయాక కొత్తకోడలు నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అక్కా, నేను రోజూ నిన్నే కదా పాపం అన్నది."

"రోజూ కాదు. గంట గంటకీ."

"చెవులు డీప్ ఫ్రీజులో అని బాబాయ్ కూడా అన్నాడక్కా, నేనొక్కదాన్నే కాదు."

"ఒసే, నన్నెందుకు లాగుతావు," అన్నాడు బాబాయ్. తర్వాత మెకానిక్ వైపు తిరిగి, పెళ్ళివారి ఎదురుకోలులో నిలబడ్డట్టు చేతులు జోడించాడు. "అల్లుడుగారూ, తెలియక నోరు పారేసుకున్నాం. ఇక తెలిసే పారేసుకుంటాం. మీ పాట చాలా ఘోరంగా ఉంది."

"అవునండీ బావగారూ," అంది కొత్తకోడలు వెంటనే. అక్క మొగుడు బావే కదా, బావని వెక్కిరించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "ఫోనులో వింటే చెవులే పోయేవి. ఎదురుగా వింటే పళ్ళు కూడా కదులుతున్నాయి."

మెకానిక్ అక్క మొహంలోకి చూశాడు. ఆమె పెదవి బిగబట్టింది గాని, నిలవలేదు, ఫక్కుమంది. ఆయన కూడా నవ్వాడు. ముందు భుజాలు నవ్వాయి, తర్వాత స్క్రూడ్రైవరు, చివరికి మొహం.

"అంత ఘోరంగా ఉంటే మరెందుకు పెట్టుకుంటారండీ రోజూ?"

"ఘోరంగా ఉందన్నాం గాని, బాలేదన్నామా?" అన్నాడు బాబాయ్. "సరేగాని అల్లుడుగారూ, దొరక్క దొరక్క దొరికారు, మా కష్టం వినండి. దుప్పటికి మీ పల్లవి కుదిరింది. గలీబులకి కొత్తిమీర కుదిరింది. మూలల్లో ఎలాస్టిక్ ఉన్న దుప్పటుంది చూశారూ, పరుపుకి తొడిగేది, దానికి ఏ పాటా కుదరడం లేదు. ఎలా పట్టినా ఉండలా చుట్టుకుంటుంది. దానికొకటి కట్టి పెట్టండి."

"దాన్నెలా మడతపెడతారు?"

"అదే మాకూ తెలియదు. మీరు పాడండి, మేం తెలుసుకుంటాం."

మెకానిక్ ఆ దుప్పటి ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక మూల సర్దితే ఇంకో మూల ముడుచుకుపోతోంది. అలా ముడుచుకుపోయినప్పుడు తాళంలో ఎన్ని దెబ్బలు ఆగాలో వేళ్ళమీద లెక్కవేసుకున్నాడు. వెళ్ళి కూలరు పని పూర్తిచేశాడు. నీళ్ళు చల్లగా వచ్చాయి. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "వస్తానోయ్," అన్నాడు భార్యతో, అందరికీ వినపడేలా.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వచ్చేసరికి కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. చెవుల్లో రెండు వేళ్ళు, మొహంనిండా నవ్వు. అమ్మని చూసి ఒక వేలు తీసి లోపలికి చూపించింది.

పడకగదిలో మెకానిక్ పరుపు మీద దుప్పటి ఊడదీసి, దాని రెండు మూలల్లో చేతులు దూర్చి, చేతి తొడుగుల్లా ఆడిస్తూ గది నడుమ నిలబడి ఉన్నాడు.

మూల మూలా సాగినావే
ముట్టుకుంటే... ముడిచినావే
పరుపు లాంటి మంచివాణ్ణి
పట్టి పట్టి... పిండినావే

"పిండినావే" దగ్గర గొంతు పైకి పోయి, దిగే దారి తెలియక అక్కడే ఉండిపోయింది. అక్క గుమ్మానికి ఆనుకుని మొత్తం విన్నది. చేతిసంచీ కూడా దించలేదు.

"ఏమండీ, ఇది మొదటిదానికంటే ఘోరంగా ఉందండీ."

"నిజంగానా?" అన్నాడాయన ఆశగా.

"మీ మీద ఒట్టు."

ఆయన సంతోషంగా మూలల్లోకి చేతులు మళ్ళీ సర్దుకుని, మొదటినుంచి అందుకున్నాడు. పక్కింట్లో ఎవరో కిటికీ రెక్క ధడాలున వేసుకున్నారు. అక్క వెళ్ళి తమ కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, అవి కొట్టుకోకుండా కొక్కేలు పెట్టి వచ్చి, దుప్పటి మిగిలిన మూలలు రెండూ పట్టుకుంది.